లోపలి బొత్తాం

తలుపు తీసింది కోమలి. తాయమ్మ లోపల ఉందని తెలిసి తీయలేదు. కరెంటు వచ్చాక కోల్డ్ రూము మోటారు మళ్ళీ అందుకుందో లేదో చూద్దామని వచ్చి తలుపు మీద చెయ్యి ఆనించింది. రేకు సన్నగా అదిరింది. మోటారు అదురు అలా ఉండదు. ఆమె గడియ ఎత్తి రెండు చేతులా లాగింది.

పొగలాంటి చలిగాలి మొహానికి కొట్టింది. దాని వెనకాల తాయమ్మ నిలబడి ఉంది. కనుబొమల మీద తెల్లగా మంచు పట్టింది. చేతిలో డబ్బా మూత. దాంతోనే తలుపును కొడుతున్నట్టుంది. తలుపు తెరుచుకున్నాక కూడా ఆ చెయ్యి ఇంకో రెండుసార్లు గాలిలో ఆడింది.

"అత్తా, ఎంతసేపైంది?"

తాయమ్మ పెదాలు కదిలాయి గాని మాట రాలేదు. కోమలి ఆమెను నడిపించుకుని ఎండలోకి తెచ్చి, సిమెంటు అరుగు మీద కూర్చోబెట్టింది. కరెంటు పోయింది పదకొండుంపావుకి. వచ్చింది పన్నెండుకు ఐదు నిమిషాలు తక్కువకి. నలభై నిమిషాలు. లోపల మైనస్ పద్దెనిమిది డిగ్రీలు, చీకటి.

బంగారుపాళ్యం దగ్గర హైవే పక్కనున్న మామిడి పల్పు ఫ్యాక్టరీ అది. జూన్ నెల. గేటు బయట తోతాపురి కాయల ట్రాక్టర్లు అరమైలు పొడవున నిలబడి ఉన్నాయి. అంత హడావుడిలోనూ కబురు క్షణంలో పాకింది. ఆడవాళ్ళు కాయలు కోసే బల్లల దగ్గర నుంచి లేచి వచ్చారు. స్టోర్ కీపర్ కుప్పుస్వామి కూడా వచ్చాడు. తలుపు వేసింది అతనే. గుడియాత్తం మనిషి, ఇరవై ఏళ్ళుగా ఈ ఫ్యాక్టరీ తాళాలన్నీ అతని నడుముకే వేలాడుతున్నాయి.

"కరెంటు పోయింది గదా, సలి బయటికి పోకుండా ఏసినా," అన్నాడు ఎవరూ అడక్కముందే. "కేక గూడా ఏసినా. ఎవురూ పలకల్యా."

"డబ్బాల ఎనకాల ఉంటిని," అంది తాయమ్మ. అదే ఆమె మొదటి మాట.

ప్రొడక్షన్ మేనేజరు ధనంజయ వచ్చి ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "ఏం కాలేదు గదా. ఇంటికి పంపించండి. ఈ పూట జీతం కొయ్యొద్దు," అని చెప్పి, మోగుతున్న ఫోను చెవికి పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తలుపు లోపలి పిడి విరిగి రెండు సీజన్లయింది. అందుకు ఉత్తరం రాశామని ఆఫీసువాళ్ళ మాట. పిడి లేకపోయినా, తలుపు పక్కనే అరచేతంత ఎర్ర బొత్తాం ఉంది. ఎవరైనా లోపల చిక్కుకుంటే నొక్కడానికే దాన్ని పెట్టారు. తాయమ్మ దాన్ని బొటనవేలితో, అరచేత్తో, చివరికి మోచేత్తో నొక్కింది. బయట గంట మోగలేదు.

మెయింటెనెన్స్ సెక్షన్లో తొమ్మిదేళ్ళుగా కోమలి పని స్టార్టర్లు, ఫ్యూజులు, మోటారు వైండింగులు. ఆ మధ్యాహ్నం ఆమె తలుపు పక్క గోడకున్న గంట పెట్టె విప్పింది. లోపలి బోర్డు మీద రాగి గీతలు తడికి చిలుం పట్టి, ఒకచోట పూర్తిగా తెగిపోయి ఉన్నాయి. బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది. అది చచ్చి ఎన్ని నెలలైందో చెప్పగలిగేవాళ్ళు ఎవరూ లేరు.

"చెన్నైకి ఫోన్ చేయించినా," అన్నాడు ధనంజయ మర్నాడు. "ఆ మోడలు ఆపేసినారంట. ప్యానెలు మొత్తం మార్చాలంట. సీజను అయినాక చూద్దాం."

"సీజను ఇంకా నలభై దినాలుండాది సార్."

"అందరికీ చెప్పినాం గదమ్మా, జాగ్రత్తగా ఉండమని."

ఆ రోజు ఆడవాళ్ళు కోల్డ్ రూములోకి పోతూ తలుపు సందులో కర్రముక్క పెట్టుకున్నారు. తాయమ్మ కూడా పనికి వచ్చింది, వేళ్ళకు గుడ్డ చుట్టుకుని. ఎందుకొచ్చావత్తా అంటే, "రాకుంటే ఇంకొకర్ని పెట్టుకుంటారు మే," అంది. పది గంటలకు ధనంజయ ఆ దారిన పోతూ కర్రముక్కను చూశాడు. బూటుతో అవతలికి తన్నాడు. "సరుకు మెత్తబడితే ఎవురు జవాబు చెప్పేది?"

కర్రముక్క దొర్లుకుంటూ వచ్చి కోమలి కాళ్ళ దగ్గర ఆగింది. ఆమె దాన్ని తీసుకుని, చేతిలో తిప్పి చూసింది.

"సార్, ఆ బోర్డు నేను చేస్తా."

"నువ్వా?"

"గీసుకొని, ఈడనే చేసుకోవచ్చు. చెన్నైదాకా ఎందుకు."

ధనంజయ నవ్వలేదు. తల కూడా ఊపలేదు. "చేసుకో. డ్యూటీ టైములో కాదు. స్టోర్లోంచి వైరు ముక్క గూడా తియ్యొద్దు," అన్నాడు.

రెండింటికి షిఫ్టు దిగి, చచ్చిన బోర్డును చీర కొంగుతో తుడిచి సంచిలో వేసుకుని, ఆమె చిత్తూరు బస్సెక్కింది.

చిత్తూరు కోర్టు ఎదురుగా భానుచందర్‌కి జిరాక్సు, డీటీపీ అంగడి ఉంది. పాలిటెక్నిక్‌లో ఇద్దరూ ఒకే బెంచీ. ఇప్పుడు అతను పొద్దస్తమానం వాది, ప్రతివాది అని టైపు చేస్తుంటాడు. కోమలి బోర్డును తీసి, భాగాలున్న వైపు కాక గీతలున్న వైపు కిందికి పెట్టి జిరాక్సు మిషను గాజు మీద ఉంచింది.

"అది కాగితం కాదు కోమలీ."

"తెలుసు. రెండింతలు పెద్దది చేసి తియ్యి."

నల్లగా వచ్చిన కాపీ మీద ఎర్ర పెన్నుతో ఒక్కొక్క గీత వెంటా వెళ్ళింది. ఏ భాగం కాలి నుంచి ఏ భాగం కాలికి, ఎక్కడ తెగింది, ఎక్కడ రెండు దారులు కలిశాయి. గంటన్నర పట్టింది. భానుచందర్ మధ్యలో రెండు అఫిడవిట్లు ముగించి వచ్చి ఆమె భుజం మీదుగా చూశాడు.

"ఇంత గొడవెందుకు? కాలింగ్ బెల్లొకటి తగిలిస్తే పోలా?"

"కరెంటు పోతే కాలింగ్ బెల్లు మోగదు. ఆ పొద్దు పోయిండాది కరెంటే."

"బ్యాటరీ పెట్టు."

"పెడతా. ఆ బ్యాటరీ చస్తే ఎవురికి తెలుస్తాది? వైరు తెగితే? ఇది చచ్చిపోయినట్టు ఎవురికీ తెలీలేదు భానూ. అదే నన్ను పీకుతాంది. బాగుండాను, బాగుండాను అని బయట ఒక దీపం చెప్తా ఉండాల. ఆరిపోయిందంటే లోపలికి ఎవురూ పోకూడదు."

భానుచందర్ తల గీరుకున్నాడు. "సెరి. గీసేదానికి నా దగ్గర పెద్ద సాఫ్ట్‌వేరే ఉండాది. ఫ్రెండు ఇచ్చినాడు. లక్షల సరుకు, క్రాకు చేసింది. యాంటీవైరస్ ఆపి ఎక్కిస్తే అయిపోతాది."

"ఈ కంప్యూటర్లో ఎంతమంది పత్రాలుండాయి?"

"ఊరంతా ఇందులోనే ఉండాది."

"అయితే వొద్దు. అదీగాక, రేపు ఎవురన్నా దీన్ని దేంతో గీసినావు అనడిగితే నేను తలొంచుకోకూడదు."

రెండో సాఫ్ట్‌వేరు ఓ పెద్ద కంపెనీ ఊరికే ఇచ్చేది. డబ్బు కట్టక్కర్లేదు, పేరు నమోదు చేసుకుంటే చాలు. కోమలి దాంతో ఆ పూటంతా పని చేసింది. చేతికి చక్కగా లొంగింది. పాత బోర్డు మీద స్క్రూ బెజ్జాలు ఎక్కడున్నాయో కొలిచి, పదహారు సెంటీమీటర్ల పొడవు, పది వెడల్పు హద్దు గీసేసరికి తెర మీద చిన్న డబ్బా లేచింది. ఊరికే వాడుకునేవాళ్ళకు ఇంత పెద్ద బోర్డు కుదరదట. నెలనెలా చందా కడితే కుదురుతుందట.

"రెండు ముక్కలుగా చేసి అతికించు," అన్నాడు భానుచందర్.

ఆమె అలాగే రెండు ముక్కలు గీసి చూసింది. చాలాసేపు చూసింది. "అతుకు కాడనే తడి పట్టేది. పాతది చచ్చిందీ అట్లనే," అని మూసేసింది.

గురువారం మూడోదాన్ని పట్టుకుంది. అది ఎక్కించుకోనక్కర్లేదు, ఇంటర్నెట్‌లోనే తెరుచుకుంటుంది. భాగాలన్నీ బొమ్మలతో సహా సిద్ధంగా ఉన్నాయి. పని నీళ్ళలా పోయింది. ఇదే సరైంది అనుకుని, మొదటిసారి ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. అంతలో నెట్ పోయింది. తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోయింది.

"నేను గీసింది యాడుండాది ఇప్పుడు?"

"వాళ్ళ దగ్గర."

"నేను లేనప్పుడు ఫ్యాక్టరీలో ఇంకొకరు దాన్ని తెరవాలంటే?"

"నీ పేరు, నీ పాస్‌వర్డు కావాల."

కోమలి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఆ ఫ్యాక్టరీలో రేపు నేను ఉంటానో ఉండనో. బోర్డు మాత్రం ఉండాల. చెడిపోతే ఎవురైనా సరే, తెరిచి చూసి, ఇంకోటి చేసుకునేట్టుండాల."

అప్పుడు భానుచందర్ కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ కలిసి వెతికారు. కీక్యాడ్ అని ఒకటి కనిపించింది. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండని వదిలేసింది. ఇంతే పెద్ద బోర్డు అన్న హద్దు లేదు, చందా లేదు, గీసింది మన కంప్యూటర్లోనే ఉంటుంది. కొత్తది అతని పాత కంప్యూటరుకు ఎక్కలేదు. నాలుగైదేళ్ళ కిందటి రకాన్ని వెతికి డౌన్‌లోడుకు పెట్టి, కోమలి ఇంటికి పోయింది.

అది మొండిది. ముందుదాని మాదిరి చేతికి లొంగలేదు. మొదట గీతల బొమ్మ వేసుకోవాలి, తర్వాత బొమ్మలోని ప్రతి భాగానికీ అసలు కాళ్ళు ఎక్కడుంటాయో మనమే చెప్పాలి. శుక్రవారం పూర్తిగా ఆమె తిట్టుకుంటూనే పని చేసింది. గంటను మోగించే రిలే వాళ్ళ జాబితాలో లేదు. పాత బోర్డు నుంచి రిలేను ఊడబీకి, వెర్నియరు స్కేలుతో కాలికీ కాలికీ మధ్య దూరం కొలిచి, మూడుసార్లు కొలిచి, బోర్డు మీద ఆ కాళ్ళు దిగే చోట్ల బొమ్మ తానే గీసింది. గీసి, దాచి, మళ్ళీ తెరిచి చూస్తే అది జాబితాలో తక్కినవాటి సరసన నిలబడి ఉంది.

"వచ్చిందే," అన్నాడు భానుచందర్.

"వచ్చింది," అంది కోమలి. ఆ సాయంత్రానికి ఆమె తిట్టడం మానేసింది.

శనివారం ఫ్యాక్టరీ గేటు దగ్గర కుప్పుస్వామి ఆమెకు అడ్డం వచ్చాడు.

"ఏమ్మా, నన్ను దోషిని సేసేదానికి గంట కడతాండావంటనే."

"నీకు గూడా అది మేలే స్వామన్నా. నువ్వు తలుపేసినప్పుడు లోపలుండేవాళ్ళు నీకు చెప్పుకోవాలంటే ఏదో ఒకటి ఉండాల గదా."

"కేక ఏసినా నేను," అన్నాడు అతను. నాలుగు రోజులుగా ఎదురుపడ్డ ప్రతివాళ్ళకూ ఇదే చెబుతున్నాడు. అతను తాళాల గుత్తిని చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు.

ఆదివారం తెల్లవారే బస్సుకు ఆమె తిరుపతి పోయింది. బస్టాండు దగ్గరి ఎలక్ట్రానిక్స్ అంగడిలో రాగి రేకు అతికించిన పలకలు రెండు, రాగిని తినేసే ఫెర్రిక్ క్లోరైడు డబ్బా, కొత్త రిలే, చిప్పు, బ్యాటరీ కొనుక్కుని మధ్యాహ్నానికి చిత్తూరు చేరింది. కోర్టు వీధి ఖాళీగా ఉంది. భానుచందర్ ఆమె కోసమే అంగడి సగం షట్టరు ఎత్తి పెట్టాడు.

నున్నటి మెరుపు కాగితం మీద బొమ్మ ప్రింటు తీశారు. లేజరు ప్రింటరు సిరా అసలు ప్లాస్టిక్ పొడి. కాగితాన్ని రాగి మీద బోర్లించి ఇస్త్రీ పెట్టెతో కాలిస్తే, పొడి కరిగి రాగికి అంటుకుంటుంది. తర్వాత మందు నీళ్ళలో వేస్తే సిరా కప్పిన రాగి మిగులుతుంది, తక్కింది కరిగిపోతుంది. చదువుకునే రోజుల్లో ఒక్కసారి చేసిన పని. ఇస్త్రీ పెట్టె మొన ఏ మూలా వదలకుండా ఆమె అదిమి పట్టి నడిపింది. కాగితాన్ని నీళ్ళలో నానబెట్టి బొటనవేలితో రుద్ది తీసింది. వెనకవైపు మెట్ల మీద ప్లాస్టిక్ పళ్ళెంలో మందు నీళ్ళు పోసి, పలకను అందులో వేసి, పళ్ళేన్ని ఊయల మాదిరి అటూ ఇటూ ఊపుతూ కూర్చుంది. అరగంటలో రాగి కరిగి గీతలు మిగిలాయి.

"మేలు," అన్నాడు భానుచందర్, ఆ గీతలను వెలుతురుకు ఎత్తి చూసి.

సన్న డ్రిల్లుతో పలకకు బెజ్జాలు వేసి, వైర్లు బిగించే పది అరల పట్టీని దాని మీద పెట్టింది. మొదటి నాలుగు కాళ్ళు సరిగ్గా కూర్చున్నాయి. ఐదోది అంచు మీద నిలబడింది. పదోది బెజ్జానికి మూడు మిల్లీమీటర్ల అవతల ఉంది.

కోమలి స్కేలు తీసి కాగితాన్ని కొలిచింది. పదహారు సెంటీమీటర్లు ఉండవలసింది పదిహేను చిల్లర ఉంది. ప్రింటు తీసేటప్పుడు పేజీకి సరిపెట్టు అన్న చోట టిక్కు ఉండిపోయింది. అఫిడవిట్లకు భానుచందర్ ఎప్పుడూ పెట్టుకునే టిక్కు అది.

"నా తప్పే కోమలీ. ఈ పొద్దుకి వదిలెయ్యి. వచ్చే వారం చేద్దాం."

"రెండో పలక ఉండాది," అంది ఆమె. టిక్కు తానే తీసేసింది. ప్రింటు తీసి, స్కేలు పెట్టి కొలిచి, పదహారు చూశాకే ఇస్త్రీ పెట్టెను మళ్ళీ కరెంటులో పెట్టింది. ఈసారి పట్టీ పది కాళ్ళూ ఒక్క నొక్కుకు దిగాయి. ఎండ వాలేలోపు భాగాలన్నీ అతికించి, బ్యాటరీ తగిలించి, బొత్తాం నొక్కింది. గంట చప్పుడుకు కోర్టు గోడ మీది కాకులు ఎగిరిపోయాయి.

సోమవారం షిఫ్టుకు గంట ముందే వచ్చి, ఆమె బోర్డును పాత పెట్టెలో బిగించింది. కొత్త రంధ్రం ఒక్కటే, పచ్చ దీపానికి. మోగే గంటను ఆపే బొత్తాం పాతదే, దాని పక్కనే ఉంది. ఆరింటికి దీపం వెలుగుతోంది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చూసి పోయారు. తాయమ్మ దీపాన్ని వేలితో ముట్టుకుంది. "ఇదేనా మే," అంది.

ఎనిమిదింటికి ధనంజయ వచ్చాడు. పెట్టె మూత తీయించి, లోపల చూశాడు. మందు నీళ్ళ గోధుమరంగు మరకలున్న కోమలి వేళ్ళను కూడా చూశాడు.

"ఎల్లుండి సరుకు కొనే విదేశీ కంపెనీవాళ్ళు ఫ్యాక్టరీ చూసేదానికి వస్తాండారు. సర్టిఫికెట్టు లేని ఇంటి సరుకు గోడకుంటే నన్నడుగుతారు. తీసేసి పాతది పెట్టెయ్యి."

"పాతది మోగదు సార్."

"తెలుసు. కంపెనీ పేరుండాది దాని మీద. చూసేదానికి అది చాలు."

కోమలి పని కోటు జేబులోంచి స్క్రూడ్రైవరు తీసింది. ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. ఆమె పెట్టె దాకా పోయి ఆగింది.

"తీస్తాను సార్. మోగే గంట తీసి మోగనిది పెట్టమన్నది మీరేనని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టియ్యండి."

ధనంజయ మొహం బిగిసింది. "నాకే చెప్తాండావా? కుప్పుస్వామీ, తలుపు తెరిచి వీళ్ళను లోపలికి పంపించు. సరుకెక్కించే బండి నిలబడి ఉండాది."

కుప్పుస్వామి ముందుకు వచ్చాడు. నడుము నుంచి తాళాల గుత్తి తీశాడు. తాయమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. అతను తాళం తీసి, తలుపు లాగి, గుత్తిని తాయమ్మ చేతిలో పెట్టాడు.

"నేను పోతా లోపలికి. నువ్వు తలుపెయ్యి," అన్నాడు. కోమలి వైపు తిరిగాడు. "కరెంటు గూడా ఆపమ్మా. ఆ పొద్దు కరెంటు ల్యాదు గదా. సార్, అది మోగకుంటే మీరు సెప్పినట్టే తీసేద్దాం."

చలికోటు కొక్కేనికి వేలాడుతోంది. దాన్ని ముట్టుకోకుండా, చొక్కాతోనే లోపలికి నడిచాడు. తాయమ్మ కోమలిని చూసింది. కోమలి తల ఊపింది. తలుపు పడింది. కోమలి మెయిను స్విచ్ కిందికి లాగింది. మోటారు ఆగిపోయింది. పచ్చ దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

గంట మోగలేదు.

ఒక నిమిషం గడిచింది. రెండు. ధనంజయ గడియారం చూసుకున్నాడు. కోమలి మనసులో ఒక్కొక్క గీత వెంటా పరిగెత్తింది. బొత్తాం నుంచి పట్టీకి, పట్టీ నుంచి చిప్పుకు, చిప్పు నుంచి రిలేకు. కాళ్ళు దిగే చోట్లు తాను గీసిన రిలే అది. దీపం ఉందంటే వైరు బాగుంది, బ్యాటరీ బాగుంది. రిలే? మూడు నిమిషాలు. నాలుగు.

"చాలు, తెరవండి," అన్నాడు ధనంజయ.

"ఉండు సార్," అంది తాయమ్మ. ఫ్యాక్టరీలో ఆమె అతనితో ఎదురుమాట్లాడడం అంతకుముందు ఎవరూ వినలేదు. ఆమె చెవిని తలుపుకు ఆనించింది. "లోపలుండేవాళ్ళకు తెలుస్తాది ఎప్పుడు నొక్కాల్నో."

అప్పుడు మోగింది. తలుపు పైన, ఫ్యాక్టరీ ఆవరణంతా వినబడేట్టు, కాయలు కోసే బల్లల మీదుగా గేటు బయటి ట్రాక్టర్ల దాకా మోగింది. తాయమ్మ గడియ ఎత్తి లాగింది.

కుప్పుస్వామి తలుపు పక్కనే నిలబడి ఉన్నాడు. బొత్తాం మీది చెయ్యి ఇంకా తీయలేదు. మీసాల మీద మంచు పొడి. ఎండలోకి నాలుగడుగులు వేసి అరుగు మీద కూలబడ్డాడు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"ఐదు నిమిసాలు గూడా ఓర్సుకోలేకపోతి," అన్నాడు నేల చూస్తూ. "నలబై నిమిసాలు ఎట్లుంటివి తాయమ్మా. నేను కేక ఏసినానే గానీ, లోపలికి తొంగి సూడలేదు. సూసినట్టే అందరి ముందరా తిరిగినా."

తాయమ్మ కొక్కేనికున్న చలికోటు తెచ్చి అతని భుజాల మీద వేసింది.

ధనంజయ కాసేపు నిలబడ్డాడు. ఆడవాళ్ళెవరూ కదలలేదు, అతను పొమ్మనలేదు. చివరికి గంట చప్పుడు మీదుగా గొంతు పెంచి కోమలితో అన్నాడు. "డ్రాయింగు కాపీ ఒకటి నా టేబుల్ మీద పెట్టు. వాళ్ళడిగితే చూపించాల. ఎవురు చేసినారని అడిగితే, నువ్వే వచ్చి చెప్పాల."

"చెప్తాను సార్."

అతను ఆఫీసు వైపు నడిచాడు. గంట మోగుతూనే ఉంది. బయటి బొత్తాం నొక్కేదాకా ఆగకుండా ఉండేట్టు చేసింది కోమలే. ఆ బొత్తాం ఆమె చేతికి అందేంత దగ్గరలోనే ఉంది. ఆమె స్క్రూడ్రైవరును జేబులో పెట్టుకుని, ఇంకాసేపు దాన్ని మోగనిచ్చింది.